ఇంటి కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు, ఒకటే హార్డ్‌డిస్క్: బ్యాడ్ సెక్టార్లను ఎలా పరీక్షించాలి?



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటర్‌లో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ రెండూ ఉండాలి. ఎనిమిది, పదేళ్ల కింద కొన్న చాలా కంప్యూటర్లకు ఆ అర్హత లేదు. మంచిగా నడుస్తున్న యంత్రాన్ని పక్కన పడేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే కొన్ని ఇళ్లలో పాత విండోస్‌ను అలాగే ఉంచి, దాని పక్కనే ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వేసుకుంటున్నారు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వీడియో చూసి సొంతంగా వేసేస్తున్నారు కూడా.

ఇది మంచి పనే. లినక్స్ మనకు పరాయిది కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకునే లినక్స్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'బాస్' పేరుతో ఇంకొకటి ఇచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు.

కానీ ఒక విషయం మరచిపోతున్నాం. సిస్టమ్ కొత్తదైనా, అది కూర్చున్న హార్డ్‌డిస్క్ పాతదే. ఆ డిస్క్‌లోనే పాప మొదటి యాన్యువల్ డే వీడియో ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న నాన్న పంపిన ఫొటోలు, స్కాన్ చేసిన మెమోలు, దుకాణం లెక్కలు, ఈ ఏడాది సైన్స్ ప్రాజెక్ట్ ఉంటాయి. కంప్యూటర్ పోతే ఇంకొకటి కొనవచ్చు. ఇవి పోతే ఏ షాపులోనూ దొరకవు. కాబట్టి ఈ నెల ఆ డిస్క్ ఆరోగ్యాన్ని ఇంట్లోనే ఎలా చూసుకోవాలో తెలుసుకుందాం.

బ్యాడ్ సెక్టార్ అంటే ఏమిటి?

హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. అవి నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటిమీద వెంట్రుక మందంలో ఎన్నో వేల వంతు ఎత్తులో ఒక హెడ్ తేలుతూ చదువుతుంది, రాస్తుంది. పళ్లెం మీది చోటును చిన్న చిన్న గదులుగా విభజిస్తారు. ఒక్కో గది ఒక సెక్టార్. పాత డిస్క్‌లలో ఒక సెక్టార్‌కు 512 బైట్లు పట్టేవి. ఇప్పటి డిస్క్‌లలో 4096 బైట్లు పడతాయి. 1 టీబీ డిస్క్‌లో ఇలాంటి గదులు సుమారు 24 కోట్లు. మీ ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో ఒకటి దాదాపు 730 గదుల్లో సర్దుకుంటుంది.

ఈ గదుల్లో ఒకదాన్ని డిస్క్ చదవలేకపోతే అదే బ్యాడ్ సెక్టార్. 730 గదుల్లో ఒక్కటి పోయినా ఫొటో కింది సగం బూడిద రంగులోకి మారవచ్చు, లేదా అసలు తెరుచుకోకపోవచ్చు. పోయిన గదిలో సిస్టమ్ ఫైల్ ఉంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే ఆగిపోతుంది.

వీటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది పళ్లెం ఉపరితలమే దెబ్బతిన్నది. ఆన్‌లో ఉండగా సీపీయూను తన్నడం, ల్యాప్‌టాప్ కింద పడడం, వయసు మీద పడడం దీనికి కారణాలు. ఇది బాగుపడదు. రెండోది రాత తప్పింది. డిస్క్ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ గదిలోని రాత సగంలో ఆగుతుంది. తర్వాత చదివినప్పుడు లెక్క సరిపోక డిస్క్ దాన్ని చెడ్డదిగా చూపిస్తుంది. పళ్లెం బాగానే ఉంటుంది. ఆ గది మీద మళ్లీ కొత్తగా రాస్తే మామూలుగా పనిచేస్తుంది. అయితే అంతకుముందు అందులో ఉన్న సమాచారం మాత్రం తిరిగి రాదు.

డిస్క్ తయారీదారులు ముందుచూపుతో కొన్ని గదులను అదనంగా ఉంచుతారు. అటెండెన్స్ రిజిస్టర్‌లో ఒక పేజీ తడిసి పాడైతే దాన్ని కొట్టేసి, చివర ఉన్న ఖాళీ పేజీలో రాసుకుని, 'ఆ పేజీకి బదులు ఇది చూడండి' అని గుర్తు పెట్టుకున్నట్టే డిస్క్ కూడా చేస్తుంది. పాడైన గదిని పక్కన పెట్టి, అదనపు గదిని వాడుకుంటుంది. మనకు ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ చిక్కు. డిస్క్ ఎన్ని పేజీలు మార్చుకుందో మనం అడిగి చూస్తేనే బయటపడుతుంది.

రెండు సిస్టమ్‌లు ఉన్నప్పుడు వచ్చే అదనపు చిక్కు

ఒకే ఇంటిని ఇద్దరు అన్నదమ్ములు గోడ పెట్టి పంచుకున్నారనుకోండి. ఎవరి వాటాను వాళ్లు ఊడ్చుకుంటారు, సున్నం వేసుకుంటారు. కానీ పునాది ఒక్కటే. చెదలు పునాదికి పట్టినప్పుడు ఒక వాటాను మాత్రమే చూసి 'మా ఇల్లు బాగుంది' అనుకుంటే లాభం లేదు.

డ్యూయల్ బూట్ సరిగ్గా ఇలాంటిదే. విండోస్ వాటా ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతిలో, లినక్స్ వాటా ఎక్కువగా ఈఎక్స్‌టీ4 అనే పద్ధతిలో ఉంటుంది. విండోస్‌లోని చెక్‌డిస్క్ తన వాటాను మాత్రమే చూస్తుంది. లినక్స్ వాటాను అది చదవలేదు. లినక్స్ వైపు ఎన్‌టీఎఫ్ఎస్ ఫిక్స్ అనే టూల్ ఉంది. అది విండోస్ వాటాలోని చిన్న లోపాలను మాత్రమే సరిచేసి, అసలు తనిఖీని విండోస్ తర్వాతిసారి తెరుచుకున్నప్పటికి వాయిదా వేస్తుంది. అది చెక్‌డిస్క్‌కు బదులు కాదు. కాబట్టి విండోస్‌లో 'లోపాలు ఏవీ లేవు' అని వచ్చినంత మాత్రాన డిస్క్ మొత్తం బాగున్నట్టు కాదు.

అయితే డిస్క్‌కు తనదైన డైరీ ఒకటి ఉంది. దాని పేరు స్మార్ట్. ఎన్ని గంటలు పనిచేసింది, ఎంత వేడెక్కింది, ఎన్ని సెక్టార్లు మార్చుకుంది అని డిస్క్ స్వయంగా అందులో రాసుకుంటుంది. ఈ డైరీకి విండోస్, లినక్స్ అన్న తేడా లేదు. రెండు వాటాల కింద ఉన్న పునాది సంగతి అది చెబుతుంది. అందుకే ముందు డిస్క్ మొత్తాన్ని చూడాలి, ఆ తర్వాత ఒక్కో వాటాను దాని సొంత సిస్టమ్‌తో చూడాలి.

ఎప్పుడు అనుమానించాలి?

ఒక ఫోల్డర్ తెరవగానే కంప్యూటర్ నిమిషాల తరబడి బిగుసుకుపోవడం, ఫైల్ కాపీ ఎప్పుడూ ఒకే చోట ఆగడం, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ చెక్ దానంతట అదే మొదలవడం, లినక్స్‌లో ఫైళ్లు ఉన్నట్టుండి 'రీడ్ ఓన్లీ' అనడం, నిన్నటిదాకా తెరుచుకున్న ఫొటో ఇవాళ తెరుచుకోకపోవడం. ఇవన్నీ గుర్తులే.

సీపీయూ లోపలి నుంచి టక్, టక్ అని ఒకే తీరుగా శబ్దం వస్తుంటే పరీక్షలేవీ వద్దు. అది హెడ్ ఇబ్బంది పడుతున్న శబ్దం కావచ్చు. వెంటనే ఆఫ్ చేయండి. లోపల విలువైనవి ఉంటే డేటా రికవరీ చేసేవారి దగ్గరికే తీసుకెళ్లండి. మూత విప్పి చూస్తామనే వారికి ఇవ్వకండి. ఆ పళ్లేల మీద పడ్డ ధూళి కణం కూడా హెడ్‌కు బండరాయి లాంటిది.

మొదటి మెట్టు: కాపీ

పరీక్ష కంటే ముందు కాపీ చేయాలి. ఈ వరుస మార్చకండి. పూర్తి పరీక్ష అంటే డిస్క్‌లోని ప్రతి గదిని చదవడం. గంటల తరబడి సాగే పని. నీరసించిన డిస్క్ ఆ శ్రమలోనే ఆగిపోవచ్చు. చెక్‌డిస్క్ కూడా చదవలేని ముక్కలను వదిలేసి మిగతాది సరిచేస్తుంది. ఆ ముక్క మీ ఫొటోది కావచ్చు.

అన్నిటికంటే ముందు మళ్లీ దొరకనివి తీయండి: ఫొటోలు, వీడియోలు, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి కాగితాల స్కాన్‌లు, లెక్కలు. సినిమాలు, సాఫ్ట్‌వేర్‌లు తర్వాత చూడవచ్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ, ముఖ్యమైనవి ఆన్‌లైన్‌లో ఇంకో కాపీ ఉంటే మంచిది. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితంగా వస్తుంది. డిజీలాకర్‌లో దొరికే సర్టిఫికెట్లను అక్కడే తీసుకోండి. విండోస్ తెరుచుకోకపోతే భయపడకండి. చాలాసార్లు లినక్స్‌లోకి వెళ్తే విండోస్ వాటాలోని ఫైళ్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి కాపీ తీసుకోవచ్చు. డ్యూయల్ బూట్ వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే. విండోస్ వాటాకు బిట్‌లాకర్ రక్షణ ఉంటే మాత్రం దాని రికవరీ కీ కావాలి. ఆ కీని ఇప్పుడే మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

కాపీ మధ్యలో ఒకే చోట మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే బలవంతం చేయకండి. ఆ ఫోల్డర్‌ను వదిలి మిగతావి తీయండి. చదవలేని చోట్లను దాటుకుంటూ డిస్క్ మొత్తాన్ని కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ఉచిత లినక్స్ టూల్ ఉంది. తెలిసిన వారి సాయంతోనే వాడండి.

రెండో మెట్టు: ఫాస్ట్ స్టార్టప్ ఆపడం

విండోస్‌ను షట్‌డౌన్ చేసినా, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పూర్తిగా మూతపడదు. సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ వాటాలో ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. దాన్ని చూసి బ్యాడ్ సెక్టార్ అని పొరపడతాం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కి, 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' మీద క్లిక్ చేసి, 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' ముందున్న టిక్ తీసేయండి. రెండు సిస్టమ్‌లు ఉన్న ప్రతి ఇంట్లో ఈ పని ఒక్కసారి చేసి పెట్టుకోవాలి.

మూడో మెట్టు: డిస్క్ డైరీ చదవడం

లినక్స్‌లోకి వెళ్లండి. ఉబుంటులోనూ, మింట్‌లోనూ 'డిస్క్స్' అనే అప్లికేషన్ ముందుగానే ఉంటుంది. తెరిచి ఎడమ వైపు మీ హార్డ్‌డిస్క్‌ను ఎంచుకోండి. పైన ఉన్న మూడు చుక్కల మెనూలో 'స్మార్ట్ డేటా అండ్ సెల్ఫ్ టెస్ట్స్' నొక్కండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో నాలుగు వరుసలు చూస్తే చాలు.

5వ నంబర్, రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్: ఇప్పటికే మార్చుకున్న గదుల సంఖ్య.

197, కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్: చదవలేక అనుమానంలో పెట్టిన గదుల సంఖ్య.

198, అన్‌కరెక్టబుల్ సెక్టార్ కౌంట్: తనిఖీలో ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి.

199, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్: డిస్క్‌కు, మదర్‌బోర్డ్‌కు మధ్య రాకపోకల్లో తప్పులు. ఇది చాలాసార్లు కేబుల్ సమస్య. డిస్క్ బాగానే ఉన్నా ఈ అంకె పెరగవచ్చు.

విండోస్‌లోనే చూడాలనుకుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది 'గుడ్', 'కాషన్', 'బ్యాడ్' అని రంగులతో చెబుతుంది. అందులోని అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్ పద్ధతిలో ఉంటాయి. అక్కడ చివర 10 అని కనిపిస్తే మన లెక్కలో 16. కంప్యూటర్ పాఠంలో నంబర్ సిస్టమ్స్ చదివిన పిల్లలకు ఈ పని అప్పగించండి.

నాలుగో మెట్టు: పూర్తి పరీక్ష

అదే కిటికీలో 'స్టార్ట్ సెల్ఫ్ టెస్ట్' నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకోండి. ఇది వాటాలతో పని లేకుండా డిస్క్ ఉపరితలం మొత్తాన్ని చదువుతుంది. దేనినీ చెరపదు. 1 టీబీ డిస్క్‌కు రెండు, మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చి వదిలేయండి. రెండు సిస్టమ్‌లు ఉన్న కంప్యూటర్‌లో బ్యాడ్ సెక్టార్ల కోసం చేయగలిగిన పరీక్షల్లో ఇదే మేలైనది. ఒక్కసారితో రెండు వాటాలూ అయిపోతాయి.

అయిదో మెట్టు: ఎవరి వాటాను వారితో

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. ఇది పై పై తనిఖీ. లోతైన తనిఖీ కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరవాలి. సి, హెచ్, కె, డి, ఎస్, కె అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా కొట్టి, ఖాళీ వదిలి సి, కోలన్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, ఆర్ కొట్టాలి. సి డ్రైవ్ వాడకంలో ఉంటుంది కనుక తర్వాతి రీస్టార్ట్‌లో చేయమంటారా అని అడుగుతుంది. వై నొక్కి రీస్టార్ట్ చేయండి. గంటలు పట్టవచ్చు. మధ్యలో ఆపకండి. రాత్రి పెట్టి పడుకోవడం మేలు, కానీ కరెంటు పోయినా నిలబడే ఏర్పాటు ఉండాలి. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద 'వినినిట్' పేరుతో ఉంటుంది. 'కేబీ ఇన్ బ్యాడ్ సెక్టార్స్' అనే చోట 0 ఉండాలి.

లినక్స్ వాటాను అందులో కూర్చుని సరిచేయలేం. లినక్స్ వేయడానికి వాడిన పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' ఎంచుకోండి. డిస్క్స్ తెరిచి, ఈఎక్స్‌టీ4 వాటాను నొక్కి, దాని కింద గేర్ బొమ్మలో 'చెక్ ఫైల్‌సిస్టమ్' ఎంచుకోండి. లోపం చూపితే అక్కడే 'రిపేర్ ఫైల్‌సిస్టమ్' ఉంటుంది.

ఎస్ఎస్‌డీ ఉన్నవారికి ఒక మాట. అందులో తిరిగే పళ్లేలు ఉండవు. దానికి గంటల తరబడి ఉపరితలం తనిఖీ అవసరం లేదు. స్మార్ట్ డైరీ చూసుకుంటే చాలు. కానీ ఎస్ఎస్‌డీ ముందస్తు గుర్తులు లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. కనుక కాపీ దానికీ తప్పదు.

అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

5, 197, 198 మూడూ 0, పూర్తి పరీక్ష పాస్: ప్రస్తుతానికి డిస్క్ బాగుంది. మూడు నెలలకు ఒకసారి చూసుకోండి.

197లో ఒకటో రెండో ఉండి, 5లో 0 ఉంటే: కరెంటు పోయినప్పటి రాత తప్పు కావచ్చు. కాపీ అయ్యాక చెక్‌డిస్క్ చేసి, పది రోజులు వాడి మళ్లీ చూడండి. 197 మళ్లీ 0కి దిగి, 5 అలాగే 0 ఉంటే భయం లేదు.

5లో కొన్ని ఉన్నా పెరగకుండా నిలిచి ఉంటే: తేదీతో సహా రాసుకుని వారానికోసారి చూడండి. ముఖ్యమైన వాటికి ఆ డిస్క్‌ను నమ్ముకోకండి.

ఏ అంకె అయినా వారం వారం పెరుగుతుంటే, 198లో అంకె నిలిచి ఉంటే, లేదా పరీక్ష ఫెయిల్ అంటే: డిస్క్ మార్చాలి. ఇక రిపేర్ ఆలోచన వద్దు.

199 మాత్రమే పెరుగుతుంటే: డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ మార్పించండి. చిన్న ఖర్చుతో పోతుంది.

ఈ హెచ్చరికలను ఎంత సీరియస్‌గా తీసుకోవాలో ఒక పెద్ద పరిశీలన చెబుతుంది. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గర వాడిన లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. తనిఖీలో మొదటి లోపం కనబడిన డిస్క్ 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, లోపం లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. పాడైన డిస్క్‌లలో సగానికి పైగా, అంటే 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ అంకెల్లో ఏ గుర్తూ చూపకుండానే పోయాయి. అంటే గుర్తు కనబడితే ఆలస్యం చేయకూడదు. కనబడకపోతే కాపీ అక్కర్లేదని అనుకోకూడదు.

ఈ మూడు పనులు చేయకండి

ఒకటి. కొన్నిసార్లు విండోస్ లినక్స్ వాటాను చూసి, అర్థం కాక, 'ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని అడుగుతుంది. అక్కడ చెడిపోయింది ఏమీ లేదు. ఫార్మాట్ నొక్కితే లినక్స్ వాటా మొత్తం పోతుంది. క్యాన్సిల్ నొక్కండి. ఇంట్లో చిన్న పిల్లలు కంప్యూటర్ వాడుతుంటే వారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

రెండు. లినక్స్‌లో బ్యాడ్‌బ్లాక్స్ అనే కమాండ్ ఉంది. మామూలుగా అది చదివి చూస్తుంది అంతే. దానికి హైఫన్, డబ్ల్యూ జోడిస్తే ప్రతి గది మీద కొత్తగా రాసి పరీక్షిస్తుంది. ఉన్నదంతా చెరిగిపోతుంది. ఎక్కడో చూసిన కమాండ్‌ను పిల్లలు అలాగే కాపీ చేసి కొట్టకుండా చూడండి.

మూడు. 'ఒకసారి ఫార్మాట్ కొడితే సెట్ అవుతుంది' అనే సలహా వినగానే ఒప్పుకోకండి. ఫార్మాట్‌తో దెబ్బతిన్న పళ్లెం బాగుపడదు. రెండు సిస్టమ్‌లూ, ఫైళ్లూ మాత్రం పోతాయి. షాపుకు తీసుకెళ్లేటప్పుడు 'ఇందులో లినక్స్ కూడా ఉంది, నాకు చెప్పకుండా ఏ వాటానూ చెరపవద్దు' అని ముందే చెప్పండి. స్మార్ట్ పట్టికను ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. అంకెలతో మాట్లాడే కస్టమర్‌కు సరైన జవాబు వస్తుంది.

మన ఎండ, మన కరెంటు

కరీంనగర్, రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. చాలా హార్డ్‌డిస్క్‌లకు కంపెనీ పెట్టే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. సీపీయూ లోపల డిస్క్ వేడి గది కంటే పది డిగ్రీలు, అంతకంటే ఎక్కువ కూడా ఉండవచ్చు. రేకుల గదిలో, కర్టెన్ చాటున, దుమ్ముతో నిండిన సీపీయూలో ఆ పరిమితి ఎంతో దూరంలో ఉండదు. స్మార్ట్ పట్టికలోనే డిస్క్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. మధ్యాహ్నం ఒకసారి చూడండి. 50 దాటుతుంటే సీపీయూను గోడకు కాస్త దూరం జరిపి, దుమ్ము దులిపించండి. అయితే డిస్క్ పోయిన ప్రతిసారీ 'ఎండకు పోయింది' అనడం కూడా సరికాదు. పైన చెప్పిన గూగుల్ పరిశీలనలో మామూలు వేడికి, డిస్క్ చెడిపోవడానికి అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనబడలేదు.

మన దగ్గర ఇంకో పెద్ద కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేవగానే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. డెస్క్‌టాప్‌కు ఒక్కో కోత ఒక్కో సగం రాత. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కొన్ని ఇన్వర్టర్లు మారడానికి తీసుకునే ఆ కాస్త సమయంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. డెస్క్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఫైల్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత సమయం దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సరిగ్గా ఉంటే అదే యూపీఎస్. బ్యాటరీ తీసేసి నేరుగా చార్జర్ మీద వాడుతుంటే ఆ రక్షణ ఉండదు.

ఈ ఆదివారం చేయాల్సింది

ఈ ఆదివారం ఉదయం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మూడు మెట్లు పూర్తి చేయండి. కాపీ తీయడం, ఫాస్ట్ స్టార్టప్ ఆపడం, 5, 197, 198, 199 అంకెలను తేదీతో నోట్‌బుక్‌లో రాయడం. పూర్తి పరీక్షను మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టి వదిలేయవచ్చు. ఆ నోట్‌బుక్‌ను పిల్లల చేతికే ఇవ్వండి. మూడు నెలలకోసారి చూసి రాసే బాధ్యత వారిదే. గ్రాఫ్ గీయడం నేర్చుకుంటున్న పిల్లలకు అది లెక్కల పని కూడా అవుతుంది.

కాపీ తీసిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కంప్యూటర్ పక్కనే వదిలేయకుండా వేరే బీరువాలో పెట్టండి. పెట్టేముందు అందులోని నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఆ కాపీ లెక్కలోకి వస్తుంది.